దేశాలు తమ బంగారానికి విలువ ఎలా కడతాయి? ఖజానాలో ఉన్న ఆ కడ్డీ నేరుగా పనికొస్తుందా?

వెన్నెల77:
అందరికీ నమస్తే. అమెరికా ట్రెజరీ (ఆర్థిక శాఖ) తన బంగారం నిల్వల పట్టికను నెలనెలా బయటపెడుతుంది. అందులో 26.15 కోట్ల ట్రాయ్ ఔన్సులు ఉన్నట్టు చూపిస్తారు, అంటే దాదాపు 8,133 టన్నులు. ఇంత బంగారం మరే దేశం దగ్గరా లేదు. కానీ దాని ఎదురుగా వేసిన విలువ సుమారు 1,104 కోట్ల డాలర్లు. భాగించి చూస్తే ఔన్సుకి 42.22 డాలర్లు వస్తోంది. 2025 అక్టోబరులో మార్కెట్‌లో ఔన్సు 4,000 డాలర్లు దాటింది కదా, మరి పుస్తకంలో వందో వంతు ధర ఎందుకు?

ఇంకో సందేహం కూడా ఉంది. ఏదైనా అవసరం వచ్చి ఆ బంగారాన్ని బయటికి తీశారనుకోండి. నగలు చేసేవాళ్లకో, చిప్‌లు తయారుచేసేవాళ్లకో ఇస్తే వాళ్లు అలాగే వాడుకోగలరా? లేక అది ఖజానాలో ఉన్నంతకాలమే బంగారమా?

ఖాతాపుస్తకం:
మొదటి ప్రశ్నకు నేను రాస్తాను. ఆ 42.22 అనేది చట్టంలో రాసి ఉన్న అంకె. సరిగ్గా చెప్పాలంటే 42 డాలర్ల 2/9. మార్కెట్‌తో దానికి సంబంధమే లేదు.

కథ 1933లో మొదలవుతుంది. ప్రజల దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు ప్రభుత్వానికి అప్పగించమని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆదేశించాడు. ఔన్సుకి 20.67 డాలర్లు ఇచ్చారు. అందరి దగ్గరా తీసుకున్నాక 1934 జనవరిలో చట్టం తెచ్చి ధరను 35 డాలర్లు చేశారు. ఒక్క గ్రాము కొత్త బంగారం రాకుండానే ఖజానాకి సుమారు 280 కోట్ల డాలర్ల లాభం వచ్చిపడింది. అందులో 200 కోట్లు పెట్టి డాలరు మారకం విలువను కాచుకోడానికి ఒక నిధి ఏర్పాటు చేశారు. ఆ నిధి ఇప్పటికీ ఉంది.

తర్వాత 1971 ఆగస్టులో, డాలర్లు తెస్తే బంగారం ఇస్తామన్న మాటను అధ్యక్షుడు నిక్సన్ వెనక్కి తీసుకున్నాడు. చట్టంలోని ధర 1972లో 38 అయింది, 1973లో 42.22 అయింది. అక్కడితో ఆగిపోయింది. దాన్ని మార్చాలంటే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చేయాల్సిందే.

ప్రశ్నార్థకం:
అంటే సొంత ప్రజల దగ్గర 20కి కొని, మర్నాడు అదే 35 అని రాసుకున్నారన్నమాట. దీన్ని లెక్క అంటారా? మామూలు వ్యాపారి చేస్తే మోసం అంటాం.

సరే, అది పాత సంగతి. ఇప్పుడు అదే పని మళ్లీ చేసి అప్పులు తీర్చుకోవచ్చు కదా? కాంగ్రెస్ చేత చట్టం మార్పించి, 42 కొట్టేసి 4,000 అని రాసుకుంటే చాలు.

ఖాతాపుస్తకం:
లెక్క వేసి చూద్దాం. 26.15 కోట్ల ఔన్సులు, ఔన్సు 4,000 చొప్పున అయితే లక్ష కోట్ల డాలర్ల పైచిలుకు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ అమెరికా ప్రభుత్వ అప్పు 2025లోనే 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అందులో ఇది దాదాపు ముప్పై ఆరో వంతు. అప్పు తీరదు, కొన్ని నెలల లోటు పూడుతుంది, అంతే.

ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా చూడాలి. బంగారం ట్రెజరీది. ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు, క్లుప్తంగా ఫెడ్) దగ్గర ఉన్నవి ఆ బంగారం పేరు మీద ఇచ్చిన ధ్రువపత్రాలు మాత్రమే, అవి కూడా అదే 1,100 కోట్ల విలువకి. వాటిని చూపించి బంగారం ఇమ్మని అడిగే హక్కు ఫెడ్‌కి లేదు. ధర పెంచితే ట్రెజరీ కొత్త విలువకి పత్రాలు రాసిస్తుంది, ఫెడ్ అంత మొత్తాన్ని ప్రభుత్వ ఖాతాలో జమ చేస్తుంది. ఆ జమ కొత్తగా పుట్టిన డబ్బు. కడ్డీ కదలదు, ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. ప్రభుత్వం అప్పు పత్రాలు అమ్మకుండా కేంద్ర బ్యాంకు చేత నేరుగా డబ్బు పుట్టించుకున్నట్టే. అందుకే ఈ విషయం ఎత్తగానే ఆర్థికవేత్తలు జాగ్రత్త పడతారు.

అందువల్ల విలువ ఎంత అన్నదాని కంటే, పెరిగిన విలువని ఖర్చుపెట్టే హక్కు ఎవరికి ఉంది అన్నదే ఇక్కడ అసలు విషయమని నా అభిప్రాయం. 42 అని రాసుకున్నంతకాలం ఆ హక్కు ఎవరికీ లేదు. ఆ పాత అంకె ఒక రకంగా తాళంలా పనిచేస్తోంది.

పాతలెక్క:
ఖాతాపుస్తకం గారు చెప్పింది అమెరికా పద్ధతి. మిగతాచోట్ల వేరేగా ఉంటుంది, పోల్చి చూస్తే ఆ హక్కు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

యూరో దేశాల కేంద్ర బ్యాంకులు ప్రతి మూడు నెలలకీ మార్కెట్ ధర ప్రకారం బంగారాన్ని మళ్లీ లెక్కగడతాయి. అయితే పెరిగిన మొత్తం లాభంలోకి పోదు. రీవాల్యుయేషన్ ఖాతా అని విడిగా ఒకటి ఉంటుంది, అందులో పడి ఉంటుంది. ధర తగ్గితే ముందు ఆ ఖాతాలోంచి తగ్గిస్తారు, అదీ చాలకపోతే అప్పుడు నష్టంగా చూపిస్తారు. పెరిగింది పంచరు, తరిగింది మాత్రం ఒప్పుకుంటారు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే నిజాయితీగల పద్ధతి. మన రిజర్వ్ బ్యాంకు కూడా చేతికి రాని లాభాన్ని లాభనష్టాల్లో చూపించదు, కరెన్సీ, బంగారం రీవాల్యుయేషన్ ఖాతాలో ఉంచుతుంది.

1997లో జర్మనీలో ఒక గొడవ జరిగింది. యూరోలో చేరడానికి లోటు, అప్పు ఒక హద్దులో ఉండాలి. ఆర్థిక మంత్రి థియో వైగెల్ చూపు జర్మనీ కేంద్ర బ్యాంకు అయిన బుండెస్‌బ్యాంక్ బంగారం మీద పడింది. విలువ పెంచి రాసి, ఆ లాభం ప్రభుత్వానికి ఇమ్మన్నాడు. బుండెస్‌బ్యాంక్ బహిరంగంగానే ఎదురుతిరిగింది, చివరికి మంత్రే వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

స్విట్జర్లాండ్‌ది ఇంకో దారి. 2000 దాకా వాళ్ల అధికారిక ధర కిలోకి 4,595.74 ఫ్రాంకులు. చట్టం మార్చి మార్కెట్ ధరకి తెచ్చాక, తమ అవసరానికి మించి ఉందని 1,300 టన్నులు 2005 లోపు అమ్మేశారు. 2007-08లో మరో 250 టన్నులు అమ్మాక మిగిలింది 1,040 టన్నులు. అక్కడ ధర హెచ్చుతగ్గులు నేరుగా ఆ ఏటి ఫలితంలోకి వెళతాయి. 2013లో బంగారం ధర బాగా పడింది. ఒక్క గ్రాము కూడా అమ్మకపోయినా బంగారం మీదే 1,500 కోట్ల ఫ్రాంకుల నష్టం చూపించాల్సి వచ్చింది. ఆ బ్యాంకు నుంచి వచ్చే వాటా మీద ఆధారపడి బడ్జెట్ వేసుకునే రాష్ట్రాలకు ఆ ఏడాది ఏమీ రాలేదు. కడ్డీలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, స్కూళ్లకీ రోడ్లకీ అనుకున్న డబ్బు మాత్రం లేకుండా పోయింది.

ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) ఇంకా పాతకాలంలోనే ఉంది. దాని దగ్గర 2,814 టన్నులు ఉన్నాయి, చాలా భాగం ఔన్సుకి 35 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ సొంత లెక్కల యూనిట్) అనే పాత లెక్కలోనే రాసి ఉంటుంది.

ప్రశ్నార్థకం:
అయితే చేతికి రాని లాభాన్ని ఈ మధ్య ఎవరూ ఖర్చుపెట్టలేదంటారా?

పాతలెక్క:
పెట్టారు. దక్షిణాఫ్రికాలో బంగారం, విదేశీ మారకం మీద పెరిగిన విలువంతా ఒక ఖాతాలో పోగుపడుతూ వచ్చింది. కాలక్రమంలో రాండ్ విలువ పడిపోవడంతో ఆ ఖాతా బాగా ఉబ్బింది. 2024 బడ్జెట్‌లో అందులోంచి మూడేళ్లలో 15,000 కోట్ల రాండ్లు తీసుకుంటామని ప్రభుత్వం ప్రకటించింది, కొత్త అప్పులు తగ్గించుకోడానికి. చట్టబద్ధంగా, నియమాలు రాసుకునే చేశారు. అయినా నాకు నచ్చదు. ఒకసారి రుచి మరిగితే తర్వాత వచ్చే ప్రతి ఆర్థిక మంత్రీ అటే చూస్తాడు.

కుంపటి:
రెండో ప్రశ్న నా పనికి సంబంధించింది కాబట్టి వివరంగా రాస్తాను. మాది కంసాలి పని. నగలూ చేస్తాం, పాత బంగారం కరిగించి శుద్ధి చేయడమూ ఉంది.

ముందు కడ్డీ సంగతి. కేంద్ర బ్యాంకులు ఇచ్చిపుచ్చుకునే కడ్డీకి లండన్ గుడ్ డెలివరీ అని ఒక ప్రమాణం ఉంది. 350 నుంచి 430 ట్రాయ్ ఔన్సుల మధ్య బరువు, వెయ్యికి కనీసం 995 పాళ్లు బంగారం. మామూలుగా ఒక కడ్డీ 12.4 కిలోల దాకా ఉంటుంది. బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు కాబట్టి అంత బరువూ ముప్పావు లీటరు కూడా పట్టదు. మొదటిసారి ఎత్తేవాళ్లకి చెయ్యి కిందకి లాగేస్తుంది.

ఇప్పుడు అమెరికా విషయం. ఫోర్ట్ నాక్స్ అనే అమెరికా ప్రభుత్వ ఖజానాలోని కడ్డీల్లో చాలా భాగం పైన ఖాతాపుస్తకం గారు చెప్పిన ఆ 1933 నాణేలు కరిగించి పోసినవే. ఆ నాణేలు వెయ్యికి 900 పాళ్ల బంగారం, మిగతాది ప్రధానంగా రాగి. కరిగించారు గానీ శుద్ధి చేయలేదు. అందుకని ఆ కడ్డీలు 995 ప్రమాణానికి అందవు, లండన్ మార్కెట్‌లో ఉన్నవి ఉన్నట్టుగా చెల్లవు. పట్టికలో చూపించే ఔన్సులు మేలిమి బంగారం ఔన్సులే కాబట్టి లెక్కలో మోసం లేదు. అమ్మాలంటే మాత్రం ముందు శుద్ధి చేయాలి.

శుద్ధి రెండు అంచెలు. మొదటిది మిల్లర్ పద్ధతి: కరిగిన బంగారంలోకి క్లోరిన్ వాయువు పంపుతారు. వెండి, రాగి, మిగతా లోహాలు క్లోరైడ్‌లుగా మారి పైకి తేలడమో ఆవిరైపోవడమో జరుగుతుంది. వేగంగా అవుతుంది, 995 దాకా వస్తుంది. ఇంకా మేలిమి, అంటే 999.9 కావాలంటే వోల్విల్ పద్ధతిలో కరెంటు పెట్టి శుద్ధి చేయాలి. అది నిదానం. బంగారం రోజుల తరబడి తొట్టెల్లోనే ఉండిపోతుంది, అంత పెట్టుబడీ అక్కడే ఇరుక్కుంటుంది. కొన్ని వేల టన్నులు ఇలా చేయాలంటే ఎంత కాలం పడుతుందో మీరే ఆలోచించండి. ప్రపంచంలోని గనులన్నీ కలిపి ఏడాదికి తీసేది 3,600 టన్నుల చిల్లర.

ఇక పని. 1,064 డిగ్రీల దగ్గర బంగారం కరుగుతుంది. మేలిమి బంగారం ఎంత మెత్తనంటే దానితో ఉంగరం చేస్తే వాడకంలో వంగిపోతుంది, రాళ్లు పట్టుకున్న పళ్లు తెరుచుకుంటాయి. అందుకే రాగి, వెండి కలిపి 22 క్యారెట్లకో (916), 18కో (750) తెస్తాం. రాగి ఎక్కువైతే ఎరుపు తిరుగుతుంది, వెండి ఎక్కువైతే పచ్చదనం పాలిపోతుంది.

తీగ లాగడం చూస్తే దీని స్వభావం తెలుస్తుంది. కమ్మచ్చులో (వరసగా రంధ్రాలున్న ఉక్కు పలక) పెద్ద రంధ్రంలోంచి మొదలుపెట్టి ఒక్కో సైజు తగ్గిస్తూ పట్టకారుతో లాగుతాం. కొన్ని రంధ్రాలు దాటేసరికి తీగ బిరుసెక్కుతుంది. చేతికి తెలుస్తుంది, అప్పటిదాకా జారినట్టు వచ్చేది కాస్తా గుంజుతుంది. అక్కడ ఆపి, మసక ఎరుపు వచ్చేదాకా కాచి, నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. పట్టుబట్టి ఇంకో రంధ్రం లాగామా, తెగుతుంది. రాగి ఎక్కువున్న 18 క్యారెట్లయితే ఇంకా జాగ్రత్త. కాచాక దానంతట అదే చల్లారనిస్తే లోపల రాగి, బంగారం వేరే వరసలో కుదురుకుని పెళుసైపోతుంది. వెంటనే ముంచాల్సిందే.

ఇన్నిటికంటే భయపడేది సీసానికి. వెయ్యిలో ఒక పాలు కూడా అక్కర్లేదు, అంతకంటే తక్కువ కలిసినా బంగారం సుత్తి దెబ్బకి బిస్కట్‌లా పగులుతుంది. పాత బంగారంలో టంకం ముక్కలు చూసుకోకుండా మూసలో పడేస్తే ఇలాగే అవుతుంది. మళ్లీ శుద్ధి తప్ప దానికి మందు లేదు.

వెన్నెల77:
కుంపటి గారూ, చాలా థ్యాంక్స్. ఎక్కడా ఇంత వివరంగా దొరకలేదు. ఎలక్ట్రానిక్స్ వాళ్లకి గుడ్ డెలివరీ కడ్డీ పనికొస్తుందా మరి?

సర్క్యూట్‌బోర్డ్:
నేరుగా పనికిరాదు. చిప్‌కీ బయటి కాళ్లకీ మధ్య వేసే సన్నతీగ 999.9 మేలిమి ఉండాలి. 995 కడ్డీలో ఉన్న ఆ 5 పాళ్లూ ఏ లోహమో తెలియకుండా వాడలేం. ఆపైన పదిలక్షల్లో కొన్ని పాళ్లు బెరీలియం, కాల్షియం లాంటివి కొలిచి కలుపుతారు, తీగకి బలం రావడానికి. మందం 25 మైక్రాన్లు, ఇంకా తక్కువ కూడా. ఒక్క 12.4 కిలోల కడ్డీని ఆ మందాన లాగితే దాదాపు 1,300 కిలోమీటర్లు వస్తుంది.

కనెక్టర్ల మీద పూసే బంగారం వేరు. అక్కడ మెత్తగా ఉంటే పెట్టి తీసే ప్రతిసారీ అరిగిపోతుంది కాబట్టి కొద్దిగా కోబాల్టో నికెలో కలిపి గట్టిపరుస్తారు.

కరెంటు ప్రవాహంలో బంగారం కంటే వెండి, రాగి మెరుగు. మేం బంగారం వాడేది అది తుప్పు పట్టదు, నల్లబడదు కాబట్టి. ధర పెరిగేకొద్దీ చాలా కంపెనీలు చిప్‌లలో రాగి తీగకి మారిపోయాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ అద్దాలన్నిటికీ కలిపి పట్టింది 48.25 గ్రాములే, పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుందని పూశారు. అన్ని రకాల సాంకేతిక అవసరాలూ కలిపినా ఏడాదికి 300 టన్నుల పైచిలుకు. కేంద్ర బ్యాంకుల దగ్గరున్నది 36,000 టన్నుల ప్రాంతంలో. ఆ నిల్వలతో పరిశ్రమలు వందేళ్లు నడుస్తాయి. కాబట్టి వాడుకలో పనికొస్తుందనే ప్రభుత్వాలు దాచుకుంటున్నాయన్న వాదన నేను ఒప్పుకోను.

ప్రశ్నార్థకం:
మరి ఎందుకు దాచుకుంటున్నాయి? 2022, 2023, 2024 మూడేళ్లూ కేంద్ర బ్యాంకులు ఏటా 1,000 టన్నులకి పైనే కొన్నాయి. వడ్డీ రాదు, దాచడానికి ఖర్చు. నాకైతే అర్థం కావట్లేదు.

పాతలెక్క:
2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్ మీద దాడి చేశాక ఏం జరిగిందో చూడండి. రష్యా కేంద్ర బ్యాంకు విదేశాల్లో పెట్టుకున్న సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలు స్తంభించిపోయాయి. సొంత ఖజానాలో ఉన్న 2,300 టన్నుల బంగారాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేకపోయారు. బంగారం ఇంకొకరి మాట మీద ఆధారపడ్డ ఆస్తి కాదు. డాలరు బాండు అలా కాదు, అవతలివాళ్లు ఇస్తామంటేనే డబ్బు.

అయితే ఎక్కడ దాచారన్నది ముఖ్యం. వెనిజులా బంగారం 31 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉంది. అసలు ప్రభుత్వం ఎవరిదన్న వివాదంతో 2018 నుంచి అది చేతికి రాక కోర్టుల చుట్టూ తిరిగారు. జర్మనీ 2013 నుంచి 2017 లోపు న్యూయార్క్, పారిస్‌ల నుంచి 674 టన్నులు ఫ్రాంక్‌ఫర్ట్‌కి తెప్పించుకుంది.

మరి అందరూ ఇంటికే తెచ్చుకోవచ్చు కదా అంటే, దానికీ చిక్కు ఉంది. 1991లో మన విదేశీ మారకం అడుగంటినప్పుడు రిజర్వ్ బ్యాంకు 46.91 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పెట్టి దాదాపు 40 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. ఇక్కడ ఉన్న బంగారాన్ని విమానాల్లో పంపితే గానీ అప్పు పుట్టలేదు. తాళం మన చేతిలో ఉంటే భద్రత ఎక్కువ, లండన్‌లో ఉంటే అవసరానికి వాడుకోవడం సులువు. రెండూ ఒకేచోట దొరకవు, అందుకే చాలా దేశాలు కొంత అక్కడ, కొంత ఇక్కడ పెట్టుకుంటాయి.

తాకట్టు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1974లో ఇటలీ బంగారం పెట్టి జర్మనీ దగ్గర 200 కోట్ల డాలర్లు తీసుకుంది. అప్పటికి అధికారిక ధర 42.22. వాళ్లు దాన్ని పట్టించుకోకుండా మార్కెట్ ధర ఆధారంగా విలువ కట్టుకున్నారు. నిజంగా డబ్బు చేతులు మారే రోజున పుస్తకంలోని అంకె ఎవరికీ గుర్తుండదు.

ఖాతాపుస్తకం:
ఈ చర్చలో ఒక విషయం రాలేదు. చాలా కేంద్ర బ్యాంకులు తమ పట్టికలో "బంగారం, రావలసిన బంగారం" అని రెండూ కలిపి ఒకే వరసలో చూపిస్తాయి. అంటే అద్దెకిచ్చిన బంగారం కూడా అందులోనే. కడ్డీ అద్దెకి తీసుకున్నవాళ్లు దాన్ని అమ్మేసి ఉండొచ్చు, ఈపాటికి అది ఎవరి మెడలోనో ఉండొచ్చు. పుస్తకంలో మాత్రం ఇంకా నిల్వగానే కనిపిస్తుంది. ఖజానాలో ఉన్నదెంత, బయటినుంచి రావలసిందెంత అని విడివిడిగా రాయడానికి ఏ ఇబ్బందీ లేదు. రాయాలని గట్టిగా అడగాల్సింది పౌరులే.

ప్రశ్నార్థకం:
టంగ్‌స్టన్ నింపిన కడ్డీలు అని వింటుంటాం. అంత పెద్ద నిల్వల్లో ఎలా పట్టుకుంటారు?

కుంపటి:
టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానికి 19.3. నీళ్లలో తూచితే తేడా తెలియదు, గీటురాయి పైపొరనే చూపిస్తుంది. కానీ శబ్ద తరంగాలు పంపితే దొరికిపోతుంది. బంగారంలో అవి సెకనుకి 3,240 మీటర్ల వేగంతో వెళతాయి, టంగ్‌స్టన్‌లో 5,000 దాటుతుంది.

ఖచ్చితమైన మేలిమి తేల్చాలంటే మాత్రం పాత నిప్పు పరీక్షే. కడ్డీ నుంచి చిన్న తునక తీసి, దానికి రెండున్నర మూడు రెట్లు వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలో ఉంచుతారు. సీసం కరిగి, రాగి లాంటి వాటన్నిటినీ వెంట తీసుకుని గిన్నెలోకి ఇంకిపోతుంది. వెండి, బంగారం కలిసిన పూస మిగులుతుంది. దాన్ని రేకులా సాగగొట్టి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోతుంది. గోధుమరంగు పెళుసు రేకు ఒకటి మిగులుతుంది, చూస్తే బంగారమని ఎవరూ అనరు. కాస్త కాచగానే పసుపు తిరుగుతుంది. అప్పుడు తూచి, మొదటి బరువుతో పోలుస్తారు. పైన నేను భయపడతామన్న సీసమే ఇక్కడ అసలు పని చేసేది.

వెన్నెల77:
చివరిగా ఒక్కటి అడుగుతాను. ఆ 900 పాళ్ల ఫోర్ట్ నాక్స్ కడ్డీని శుద్ధి చేయకుండానే నగల పనికి వాడొచ్చా?

కుంపటి:
వాడొచ్చు, ముందు ల్యాబ్ విశ్లేషణలో సీసం, బిస్మత్ లాంటివి లేవని తేలితే. 900 అంటే 21.6 క్యారెట్లు. కిలో కడ్డీకి 200 గ్రాముల మేలిమి బంగారం చేరిస్తే మొత్తం 1,200 గ్రాముల్లో 1,100 బంగారం, సరిగ్గా 22 క్యారెట్లు. 18 క్యారెట్లు కావాలంటే అదే కిలోకి 200 గ్రాముల వెండో, వెండీ రాగీ కలిపో చేర్చాలి, 1,200లో 900 బంగారం అవుతుంది. నాణేల్లో ఉన్నది రాగి కాబట్టి రంగు ముందే కాస్త ఎర్రగా ఉంటుంది, నేనైతే వెండి వైపే మొగ్గుతాను. వెలిగారం వేసి కరిగించి, బాగా కలియబెట్టి, అచ్చులో పోశాక రెండు చివర్ల నుంచీ తునక తీసి పరీక్షకి పంపాలి. రెండిటికీ ఒకే అంకె వస్తే పని మొదలుపెట్టుకోవచ్చు.